గొంతు, ఒళ్లు, మాట – నాలుగో పాఠం: వాక్యం తోక

పోయిన పాఠంలో వెల్లకిలా పడుకుని, పొట్ట మీద పుస్తకం పెట్టుకుని ఊపిరి పీల్చడం నేర్చుకున్నాం. వారం రోజులు అది చేసినవాళ్లే ఇది మొదలుపెట్టండి. మిగతావాళ్లు ఇంకో వారం ఆగండి, పాఠం ఎక్కడికీ పారిపోదు.

ఇక్కడ బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఉగాది నాటకానికి రిహార్సల్ జరుగుతోంది. నేను ఆఖరి వరసలో కూర్చున్నాను. తండ్రి వేషం కట్టినాయన భార్యతో "నీ కొడుకు నిన్న రాత్రి ఇంటికి..." అన్నాడు. తర్వాతది వినపడలేదు. పక్కనున్న పెద్దావిడ నా మోచేయి గోకి అడిగింది: "వచ్చాడన్నాడా, రాలేదన్నాడా?"

తెలుగులో క్రియ చివరికి వస్తుంది. లేదు, కాదు, వద్దు అన్నీ తోకలోనే ఉంటాయి. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మనకు ఊపిరి అయిపోతుంది. స్వరతంత్రులు, అంటే గొంతులో మాట పుట్టించే పొరలు, కింది నుంచి వచ్చే గాలి తోపుకే అదురుతాయి. మామూలుగా మాట్లాడేటప్పుడు మగ గొంతులో సెకనుకు వందకు కాస్త పైగా, ఆడ గొంతులో సుమారు 200 సార్లు. తోపు తగ్గిందా, మాట గరగరమని కిందికి జారుతుంది. రోజంతా హెడ్‌సెట్ పెట్టుకుని మాట్లాడేవాళ్లకు ఈ అలవాటు మరీ ఎక్కువ. మైకు పెదవి పక్కనే ఉంటుంది కాబట్టి తోక మింగినా అవతలివాళ్లకు వినపడిపోతుంది. స్టేజీ మీద ఆ సుఖం లేదు.

ఇక సాధన. వాక్యాన్ని వెనక నుంచి కట్టండి. గోడకు వీపు ఆనించి, మోకాళ్లు బిగించకుండా నిలబడండి. అరచేతులు కింది పక్కటెముకల మీద పెట్టుకోండి. "రాలేదు" అనండి. ఊపిరి తీసుకుని "ఇంటికి రాలేదు". మళ్లీ తీసుకుని "నిన్న రాత్రి ఇంటికి రాలేదు". చివరికి మొత్తం వాక్యం. ప్రతిసారీ "రాలేదు" మొదటిసారి అన్నంత నిండుగా ఉండాలి. దీర్ఘం తీయమనడం లేదు, "రాలేదూ..." అని సాగదీస్తే అదింకో రోగం. అరవమనీ కాదు. ఫోనులో రికార్డు చేసి వినండి, మొహమాటపడకండి.

మా నాటకంలో తండ్రి వేషం ఆయనది సగం ఊపిరి తప్పు, సగం ఒంటి తప్పు. "ఇంటికి" దగ్గరే గడ్డం గుండెకేసి దించి, "రాలేదు" అనేటప్పటికే వెనక్కి తిరిగేవాడు. క్రియ పూర్తయ్యేదాకా అడుగు తియ్యొద్దు, చూపు ఆఖరి వరస మీదే ఉంచు అన్నాను. రెండు రోజుల్లో సగం బాగుపడ్డాడు.

వీలైతే జేపీ నగర్‌లోని రంగశంకర నాటకశాలలో ఒక కన్నడ నాటకం చూడండి. కన్నడంలోనూ క్రియ చివరే కదా: "బరలిల్ల", అంటే "రాలేదు". మంచి నటులు ఆ "ఇల్ల"ను ఎలా నిలబెడతారో అదొక్కటే వినండి. ముందే బయలుదేరండి. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా వెళ్తే లోపలికి రానివ్వరు.

రోజూ పది నిమిషాలు చాలు. గొంతు గీరుకుంటే ఆ పూటకు ఆపేసి నీళ్లు తాగండి. గుసగుసలాడితే గొంతుకు విశ్రాంతి అనుకోకండి, పూర్తిగా మాట మానేయడమే మేలు. వచ్చే పాఠంలో ఒత్తులు: "భయం"ను "బయం" అనేవాళ్లంతా ముందు వరసలో కూర్చోవాలి.