సహారా దాటే ముందు: దఖ్లా నుంచి నువాక్షోత్ దాకా

మొరాకో అధీనంలోని పశ్చిమ సహారా పట్టణం దఖ్లా నుంచి దక్షిణానికి, మారిటానియా రాజధాని నువాక్షోత్ వైపు బండ్లు కదిలే ముందు రోజే అందరూ ఒకచోట కూర్చుని ఇవన్నీ సరిచూసుకోండి, దారిలో చూద్దాంలే అంటే కుదరదు.

కాగితాలు: మారిటానియా వీసాకు 2025 జనవరి నుంచి ఆన్‌లైన్‌లో ముందుగానే దరఖాస్తు చేసుకోవాలి. పేరు, పాస్‌పోర్ట్ నంబరు, బండి నంబరు రాసిన కాగితాన్ని అక్కడ 'ఫిష్' అంటారు, పోలీసు చెక్‌పోస్టుల్లో అడుగుతారు కాబట్టి మనిషికి 20 కాపీలైనా ఉంచుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, మొరాకో వైపు సరిహద్దు పోస్టు గర్గరాత్ దాటాక రెండు దేశాల పోస్టుల మధ్య ఎవరిదీ కాని నేల వస్తుంది. పాత యుద్ధం నాటి మందుపాతరలు అక్కడ ఇంకా ఉన్నాయి. ముందు బండ్లు నడిచిన గాడి వదలొద్దు, మూత్రానికని కూడా నాలుగడుగులు పక్కకు వేయొద్దు. పిల్లలుంటే వాళ్ల చేత ఈ మాట తిరిగి చెప్పించండి.

నీళ్లు తాగడానికే మనిషికి రోజుకు 5-6 లీటర్లు, అన్ని బండ్లలో పంచి పెట్టండి.

మెత్తటి ఇసుకలో టైర్ల గాలి 15-18 పీఎస్‌ఐకి దించాలి, మళ్లీ కొట్టుకోవడానికి కంప్రెసర్ ఉండాల్సిందే. చక్రం దిగబడితే కంగారులో యాక్సిలరేటర్ తొక్కకండి, తొక్కేకొద్దీ ఇరుసు దాకా కూరుకుపోతుంది. దిగి, చక్రం ముందు ఇసుక పారతో తీసి, కింద రేకు పెట్టి, మెల్లగా కదిలించండి.

మారిటానియాలోకి మద్యం తీసుకెళ్లొద్దు, మొరాకోలోకి డ్రోన్ వద్దు. 2018లో మారిటానియా కరెన్సీ ఉగియా నోట్లకు ఒక సున్నా తీసేశారు, ధర చెబితే పాత లెక్కా కొత్త లెక్కా అని అడగండి.

చీకటి పడ్డాక నడపొద్దు, రోడ్డు మీద ఒంటెలు ఉంటాయి.