లూప్ ఎక్కడ ఆగాలో ముందే రాసుకోండి

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మా మేనమామకు అడ్తి (కమీషన్) దుకాణం ఉంది. మిర్చి సీజన్‌లో కాంటా లెక్కలు గుమస్తా ఎక్సెల్‌లో కొడతాడు. రాత్రి హన్మకొండలో కూర్చుని పైథాన్ ప్రోగ్రామ్‌తో రైతువారీగా బస్తాలు, కిలోలు కూడేది నేను. ఓ రాత్రి మామ ఫోన్ చేశాడు. "అల్లుడా, పొద్దుగాల అమ్మినోళ్ల లెక్కే ఉన్నది. పగటీలి మాల్ ఏడవోయింది?"

ఫైల్‌లో అంతా ఉంది. వరుసలు ఒక్కొక్కటిగా చదివే లూప్‌లో నేనే 'ఖాళీ వరుస వస్తే బ్రేక్' (లూప్ ఆపు) అని రాశాను. గుమస్తా భోజనానికి లేచేటప్పుడు ఒక వరుస వదిలేస్తాడట! నా లూప్ అక్కడే ఆగింది. ఎర్రర్ కూడా రాలేదు, టెన్షనంతా అందుకే.

ఇప్పుడు లూప్ లోపలి పని రాయకముందే, డేటా అయిపోయిందని దేన్ని చూసి చెప్పాలో ఒక కామెంట్‌గా రాసుకుంటాను. మా ఫైల్‌లో ఆ గుర్తు చివరనుండే 'మొత్తం' అనే వరుస. అందుకే ఫర్ లూప్‌తో వరుసలన్నీ చదువుతూ, ఖాళీది వస్తే కంటిన్యూ (దాన్ని వదిలి తర్వాతిదానికి పో), 'మొత్తం' వస్తే బ్రేక్. ఆ బ్రేక్ మరిస్తే మొత్తాన్ని కూడా ఒక రైతు సరుకనుకుని కలిపేస్తుంది, లెక్క రెట్టింపవుతుంది. పోల్చేముందు స్ట్రిప్ చేయండి, అంటే మాటకు ముందూ వెనకా ఉన్న స్పేస్‌లు తీసేయండి. మాట చివర కనపడని స్పేస్ ఉంటే 'మొత్తం' కూడా సరిపోలదు. స్పేస్ కొట్టిన గడి ఖాళీగా కనిపిస్తుంది కానీ పైథాన్‌కు అది నన్ (None, అంటే ఏమీ లేదు) కాదు.

మరి 'మొత్తం' అసలు లేకపోతే? గుమస్తా సగంలో సేవ్ చేసి పంపాడన్నమాట. దీనికి పైథాన్‌లో చాలామంది వాడని సదుపాయం ఉంది: ఫర్‌కు కూడా ఎల్స్ పెట్టొచ్చు. బ్రేక్ తగలకుండా లూప్ చివరిదాకా పోతేనే ఆ ఎల్స్ నడుస్తుంది. నేను అక్కడ ఎర్రర్ లేపుతాను. తప్పు తక్‌పట్టీ (అమ్మిన సరుకు లెక్క చీటీ) రైతు చేతికి పోవడం కన్నా ప్రోగ్రామ్ ఆగిపోవడం నయం.

రోజుకో షీట్ ఉంటే లూప్‌లో లూప్ వస్తుంది. బ్రేక్ లోపలి లూప్‌నే ఆపుతుంది. అంతా ఆపాలంటే ఫంక్షన్‌లో పెట్టి రిటర్న్ వాడండి.

షరతు నిజమైనంతసేపు తిరిగే వైల్ లూప్‌తో నాకు తగిలిన దెబ్బ వేరు. పది కిలోలకో వరుస చొప్పున క్వింటాల్ దాకా ధరల పట్టిక కావాలి. సున్నా నుంచి 0.1 క్వింటాల్ కలుపుకుంటూ, '1.0 కానంతవరకు' అని రాశాను. పదిసార్లు కలిపితే వచ్చింది 0.9999999999999999. ఒకటి కాలేదు, దాన్ని దాటిపోయింది, ఆగనే లేదు. '1.0 కన్నా తక్కువ ఉన్నంతవరకు' అని మార్చినా పదకొండోసారి తిరుగుతుంది. క్వింటాళ్లు వదిలి కిలోల్లో పూర్ణాంకాలు పెట్టాను: రేంజ్‌లో 10, 101, 10. చివరి అంకెను రేంజ్ కలుపుకోదు కాబట్టే 101.

రాసినంక మూడు ఫైళ్లు పెట్టి చూడండి: నడిమధ్యలో ఖాళీ వరుస ఉన్నది, 'మొత్తం' ఒక్కటే ఉన్నది, 'మొత్తం' లేనిది. మూడోదానికి ఎర్రర్ రావాలి. గుమస్తాకు మాత్రం వరుస వదలొద్దని నేను చెప్పలేదు. తిని వచ్చాక ఎక్కణ్నుంచి కొట్టాలో ఆయనకు అదే గుర్తు.