సమాకలన స్థిరాంకం: ‘+ సి’ ఎందుకు, దానితో ఏం చేయాలి

2ఎక్స్ ఇచ్చి, దేనిని అవకలనం చేస్తే ఇది వస్తుందని అడిగితే, ఎక్స్² అంటాము. ఎక్స్² + 7, ఎక్స్² − 100 కూడా 2ఎక్స్ కు ప్రతిఅవకలజాలే (అంటే అవకలనం చేస్తే 2ఎక్స్ వచ్చే ప్రమేయాలే), ఎందుకంటే స్థిరాంకానికి అవకలజం సున్నా. ఇవి కాక వేరే రకం జవాబు ఏదీ ఉండదని ఎలా నమ్మాలి? ఒకే ప్రమేయానికి రెండు ప్రతిఅవకలజాలు ఉంటే వాటి భేదానికి అవకలజం సున్నా అవుతుంది. ఒక అంతరమంతటా (సంఖ్యారేఖపై మధ్యలో తెగని ముక్క అంతటా) అవకలజం సున్నా అయిన ప్రమేయం ఆ అంతరంలో స్థిరమేనని లెగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం నుంచి వస్తుంది. అందుకే ఎక్స్² + సి అని రాస్తే, ఏ స్థిరాంకమైనా కాగల ఆ ఒక్క ‘సి’తో జవాబులన్నీ వచ్చేస్తాయి. ఇలా ప్రతిఅవకలజాన్ని కనుక్కోవడమే సమాకలనం, ఈ ‘సి’యే సమాకలన స్థిరాంకం.

ఇది తెలియకే చాలామంది విద్యార్థులు సరైన జవాబును కొట్టివేస్తారు. సైన్ ఎక్స్ · కాస్ ఎక్స్ ను సమాకలనం చేయాలనుకోండి. సైన్ ఎక్స్ = టి అనుకుంటే సైన్²ఎక్స్ / 2 వస్తుంది; కాస్ ఎక్స్ = టి అనుకుంటే −కాస్²ఎక్స్ / 2 వస్తుంది. పుస్తకం చివర ఇచ్చిన జవాబు −కాస్ 2ఎక్స్ / 4 కావచ్చు. మొదటి దాని నుంచి రెండవ దానిని తీసివేస్తే 1/2, మూడవ దానిని తీసివేస్తే 1/4 మిగులుతాయి, కనుక మూడూ సరైనవే. జవాబు కలవనప్పుడు లెక్క మళ్లీ మొదలుపెట్టే ముందు మీ జవాబును అవకలనం చేసి చూడండి. నా దృష్టిలో అంతకు మించిన సరిచూపు లేదు.

‘సి’ విలువ తేలాలంటే అదనపు సమాచారం కావాలి. 20 మీటర్ల ఎత్తున్న మేడ మీద నుంచి సెకనుకు 5 మీటర్ల వేగంతో ఒక రాయిని నిట్టనిలువుగా పైకి విసిరారనుకుందాం. పై దిశను ధనాత్మకంగా తీసుకుని, గాలి నిరోధాన్ని వదిలేస్తే, త్వరణం −9.8, ఒకసారి సమాకలనం చేస్తే టి సెకన్ల తర్వాత వేగం −9.8టి + సి₁ అవుతుంది. టి = 0 వద్ద వేగం 5 కనుక సి₁ = 5. మళ్లీ సమాకలనం చేస్తే ఎత్తు −4.9టి² + 5టి + సి₂ అవుతుంది, ఇక్కడ సి₂ = 20. ఒక స్థిరాంకం విసిరిన వేగం, మరొకటి మేడ ఎత్తు.

స్థిరాంకాన్ని సమాకలనం చేసిన మెట్టులోనే రాయాలి. లాగ్ వై = ఎక్స్ + సి అని తేలితే (లాగ్ అంటే ఇక్కడ ఇ ఆధారంగా గల సంవర్గమానం) వై = ఏ · ఇ^ఎక్స్ అవుతుంది, ఇక్కడ ఏ = ఇ^సి; చివర్లో గుర్తొచ్చి ఇ^ఎక్స్ + సి అని అతికిస్తే లెక్క తప్పు. నిశ్చిత సమాకలనంలో మాత్రం పై హద్దు వద్ద విలువలోంచి కింది హద్దు వద్ద విలువను తీసివేస్తాం, ఆ తీసివేతలో ‘సి’ కొట్టుకుపోతుంది కాబట్టి రాయనక్కర్లేదు.

పైన ‘ఒక అంతరం’ అన్న షరతు ఊరకే పెట్టినది కాదు. 1/ఎక్స్ కు సున్నా వద్ద విలువ లేదు, దాని ప్రదేశం (విలువ ఉన్న ఎక్స్ ల సమితి) రెండు ముక్కలు. ఎక్స్ ధనాత్మకమైనప్పుడు లాగ్ ఎక్స్ + 1 అనీ, రుణాత్మకమైనప్పుడు లాగ్(−ఎక్స్) + 5 అనీ తీసుకున్నా అవకలజం ప్రదేశమంతటా 1/ఎక్స్ అవుతుంది. ఇక్కడ ఒక్క ‘సి’ చాలదు, రెండు వైపులకూ వేర్వేరు స్థిరాంకాలు కావాలి.