జావా 17 వేసినా బిల్డ్ మాత్రం 8 దగ్గరే ఆగుతోందా? జావా_హోమ్, పాత్ చూసుకునే పద్ధతి

విండోస్‌లో ఈ లక్షణం రెండు రకాలుగా కనిపిస్తుంది.

ఒకటి: జావా -వెర్షన్ కొడితే 17 అంటుంది, మావెన్ (జావా ప్రాజెక్టును బిల్డ్ చేసే టూల్) బిల్డ్ మాత్రం ‘ఇన్‌వాలిడ్ టార్గెట్ రిలీజ్: 17’ అని ఆగిపోతుంది. రెండోది దీనికి తిరగేసి ఉంటుంది: బిల్డ్ చక్కగా అవుతుంది, జార్ (బిల్డ్‌లో తయారైన ప్రోగ్రామ్ ఫైల్) నడపబోతే క్లాస్ ఫైల్ వెర్షన్ 61.0, ఇక్కడ 52.0 వరకే కుదురుతుంది అని ఎర్రర్ వస్తుంది. 61 అంటే జావా 17, 52 అంటే జావా 8. కంపైల్ చేసిన జావా ఒకటి, నడిపిన జావా ఇంకొకటి అన్నమాట. వెబ్ ప్రాజెక్టులకు వాడే స్ప్రింగ్ బూట్ 3కి కనీసం 17 కావాలి కాబట్టి ఫైనలియర్ ప్రాజెక్టుల్లో ఈ గొడవ తప్పడం లేదు.

ఎర్రర్ రాగానే జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) తీసేసి మళ్ళీ వేయకండి. జేడీకేలో ఏ లోపమూ లేదు.

ముందు చూడాల్సింది: జావా_హోమ్ (జేడీకే ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పేది), పాత్ (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) లాంటి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మార్చాక టెర్మినల్ మూసి కొత్తది తెరిచారా? ప్రతి ప్రోగ్రామూ మొదలయ్యేటప్పుడే వేరియబుల్స్ కాపీ తీసుకుంటుంది, ఆ తర్వాత మీరు మార్చింది దానికి తెలియదు. వీఎస్ కోడ్ లోపల ప్లస్ నొక్కి ఇంకో టెర్మినల్ తెరిస్తే సరిపోదు. వీఎస్ కోడ్ విండోలన్నీ మూసి, స్టార్ట్ మెనూ నుంచి మళ్ళీ తెరవాలి. చాలామందికి సమస్య ఇక్కడే తీరిపోతుంది, అయినా ఎవరూ చూడరు.

తీరకపోతే ఎంవీఎన్ -వెర్షన్ కొట్టండి. మావెన్ ఏ జావాతో, ఏ ఫోల్డర్ నుంచి నడుస్తోందో అందులో ఉంటుంది. జావా -వెర్షన్ ఈ సంగతి చెప్పదు. అది పాత్‌లో ముందు దొరికిన జావాను చూపిస్తుంది, మావెనూ, దానిలాంటి ఇంకో బిల్డ్ టూల్ గ్రేడిలూ ముందు జావా_హోమ్‌ను చూస్తాయి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ‘వేర్ జావా’ కొడితే పాత్‌లో ఉన్న జావాలన్నీ వరుసగా వస్తాయి, నడిచేది మొదటిది. పవర్‌షెల్‌లో ఇదే కొడితే ఏమీ రాదు, అక్కడ ‘వేర్.ఈఎక్స్‌ఈ జావా’ అని కొట్టాలి. వీఎస్ కోడ్ టెర్మినల్ మామూలుగా పవర్‌షెల్‌తోనే తెరుచుకుంటుందని గుర్తుంచుకోండి.

ఇక అసలు దొంగ. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ డైలాగ్‌లో రెండు పెట్టెలుంటాయి: పైన యూజర్, కింద సిస్టమ్. ఒకే పేరు రెండింటిలో ఉంటే యూజర్‌ది గెలుస్తుంది. పాత్ ఒక్కటే దీనికి మినహాయింపు. పాత్‌లో రెండూ కలుస్తాయి, సిస్టమ్‌ది ముందు, యూజర్‌ది వెనక. అంటే జావా_హోమ్‌కు పై పెట్టె మాట చెల్లుతుంది, పాత్‌కు కింది పెట్టె మాట.

కర్నూలు, కడప వైపు కాలేజీ ల్యాబ్ మెషిన్ తీసుకోండి. అడ్మిన్ సిస్టమ్ పెట్టెలో జేడీకే 8 పెట్టి ఉంటారు. స్టూడెంట్ యూజర్ పెట్టెలో జావా_హోమ్‌నూ పాత్‌నూ 17కి మారుస్తాడు. మావెన్ 17తో కంపైల్ చేస్తుంది, జావా కమాండ్ మాత్రం 8నే పట్టుకుంటుంది. ఇదే 61.0 ఎర్రర్. అనంతపురంలో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని, విండోస్ మళ్ళీ వేయించకుండా వాడేవాళ్ళకు తిరగేసి జరుగుతుంది. పాత ఓనర్ యూజర్ పెట్టెలో వదిలిన జావా_హోమ్ ఇంకా 8 దగ్గరే ఉంటుంది. కొత్తగా వేసిన ఒరాకిల్ జావా 17 ఇన్‌స్టాలరేమో ‘జావాపాత్’ అనే ఫోల్డర్‌ను సిస్టమ్ పాత్‌లో మొట్టమొదట పెడుతుంది. అందుకే జావా కమాండ్ 17 అంటుంది, మావెన్ 8 అంటుంది. సిస్టమ్ పెట్టెలో జావా_హోమ్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు, పైన ఉన్నది దాన్ని కప్పేస్తోంది.

అడ్మిన్ హక్కులుంటే: యూజర్ పెట్టెలో జావా_హోమ్ తీసేయండి. సిస్టమ్‌లో 17ది ఒక్కటే ఉంచండి. అది జేడీకే ఫోల్డర్ దాకానే ఉండాలి, చివర \బిన్ గానీ సెమికోలన్ గానీ కొటేషన్లు గానీ పెట్టొద్దు. సిస్టమ్ పాత్‌లో %జావా_హోమ్%\బిన్ వరుసను మూవ్ అప్‌తో అన్నిటికన్నా పైకి తేవండి, జావాపాత్ వరుస తీసేయండి.

హక్కులు లేకపోతే యూజర్ పెట్టెలో జావా_హోమ్ 17కి పెట్టండి, బిల్డ్‌కు అది చాలు. జావా కమాండ్ కోసం ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఒక బ్యాచ్ ఫైల్ పెట్టుకోండి, అందులో ఒకటే వరుస (ఇంగ్లిష్ అక్షరాల్లో):

సెట్ "పాత్=%జావా_హోమ్%\బిన్;%పాత్%"

పని మొదలుపెట్టే ముందు దాన్ని కమాండ్ ప్రాంప్ట్‌లో నడపాలి. పవర్‌షెల్ నుంచి నడిపితే ఆ మార్పు నిలవదు. ఈక్వల్స్ గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలొద్దు, ముందు వదిలితే ఆ ఖాళీ వేరియబుల్ పేరులోకి, తర్వాత వదిలితే దాని విలువలోకి పోతుంది.

సెట్ఎక్స్ కమాండ్‌తో పాత్ మార్చమని ఎవరు చెప్పినా వినకండి. 1024 అక్షరాలు దాటిన పాత్‌ను అది మధ్యలో కోసేస్తుంది, పైగా సిస్టమ్ పాత్ అంతా తెచ్చి యూజర్ పాత్‌లో కలిపేస్తుంది. దాన్ని మళ్ళీ విడదీయడం చాలా కష్టం.

మిగతావి అరుదు. గ్రేడిల్ ఒక్కటే మొండికేస్తే గ్రేడిల్.ప్రాపర్టీస్ ఫైల్‌లో జావా హోమ్ వరుస ఉందేమో చూడండి. ఆండ్రాయిడ్ స్టూడియోకు గ్రేడిల్ జేడీకే సెట్టింగ్ వేరే ఉంది, మార్చాల్సింది అక్కడే. జెంకిన్స్ (బిల్డ్‌లను దానంతటదే నడిపే టూల్) విండోస్ సర్వీస్‌గా నడుస్తుంటే మీ యూజర్ పెట్టె దానికి కనిపించదు. జావా_హోమ్‌ను సిస్టమ్ పెట్టెలో పెట్టి మెషిన్ రీస్టార్ట్ చేయండి.