ఒకే చెరువు, ఎన్నో శాస్త్రాలు: పరిశోధనాంశాన్ని నిర్ణయించుకునే పద్ధతి

పీజీ పూర్తి చేసి పీహెచ్‌డీ ప్రవేశానికి సిద్ధమవుతున్న విద్యార్థి సాధారణంగా తన శాఖ పేరుతో మొదలుపెట్టి, దానికి ఒక ఊరినో, పంటనో, పథకాన్నో జోడించి శీర్షిక తయారుచేసుకుంటాడు. ‘వరంగల్ జిల్లాలో ఫలానా అంశం: ఒక అధ్యయనం’ అనే మూసలో ఇన్ని సినాప్సిస్‌లు (పరిశోధన ప్రతిపాదనలు) పుట్టుకురావడానికి కారణం అదే. ఆ వరుసను తిరగవేసుకోవడం మేలు. ముందు ప్రశ్న తేలాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల సాక్ష్యం ఎలాంటిదో, దాన్ని మూడు నాలుగేళ్ల పాటు సేకరించే ఓపిక, అవకాశం మీకు ఉన్నాయో లేదో తరువాత తేలాలి. ఏ శాఖలో, ఏ గైడ్ దగ్గర చేరాలన్నది వీటి వెనుక దానంతట అదే స్పష్టమవుతుంది.

వస్తువు ఒకటి, ప్రశ్నలు అనేకం

ఉత్తర తెలంగాణలో ఉన్నవారు అభ్యాసం కోసం చెరువును తీసుకోవచ్చు. ఉదాహరణకు రామప్ప చెరువు: దాని పక్కనున్న రామప్ప గుడి శాసనం 1213 నాటిది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఆ గుడిని కట్టించాడు. గుడి పక్కన చెరువు ఎందుకుంది, దాని కింద సాగైన భూమి ఎవరి అధీనంలో ఉండేది అని అడిగితే అది చరిత్ర. మట్టికట్ట ఇన్ని వందల వానకాలాలను ఎలా తట్టుకుంది, మత్తడి మీదుగా ఎంత వరద పోగలదు అని అడిగితే సివిల్ ఇంజనీరింగ్. నీటిలో ఏ ప్లవకాలు (నీటిలో తేలియాడే సూక్ష్మజీవులు), ఏ చేపలు ఏ రుతువులో పెరుగుతున్నాయన్నది జంతుశాస్త్ర విద్యార్థి ప్రశ్న. ఆయకట్టు చివరి మడికి నీళ్లు అందుతున్నాయా, నీరటి (పొలాలకు నీళ్లు వదిలే ఊరి మనిషి) వ్యవస్థ కనుమరుగైన చోట వంతులు ఎవరు నిర్ణయిస్తున్నారు, చేపల మీద హక్కు విషయంలో ముదిరాజ్, గంగపుత్ర సంఘాల మధ్య వివాదం ఎలా నడుస్తోంది అనేవి సమాజశాస్త్రానికి చెందుతాయి. కట్ట మైసమ్మ కొలుపును మానవశాస్త్రం చూస్తుంది. శిఖం భూమి (చెరువు నీరు నిలిచే భూమి) ఆక్రమణను న్యాయశాస్త్రమో రాజనీతిశాస్త్రమో పట్టించుకుంటుంది. 2020 ఆగస్టు వరదల్లో హనుమకొండ, వరంగల్ కాలనీలు ఎందుకు మునిగాయో తెలుసుకోవాలనుకునే భూగోళశాస్త్ర విద్యార్థికి పాత పటాలు, ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టుకుని నాలాలు ఎక్కడ మూసుకుపోయాయో గుర్తించే పని ఉంటుంది.

మీకు ఆసక్తి ఉన్న ఏ వస్తువునైనా తీసుకుని ఇలాగే ప్రశ్నలు రాయండి. ఎన్ని వచ్చినా పరవాలేదు, అయితే ప్రతి ప్రశ్నా చివరికి ప్రశ్నార్థకంగానే ముగియాలి. ‘చెరువుల ప్రాముఖ్యత’ అన్నది ప్రశ్న కాదు, దాన్ని కొట్టివేయండి. మిగిలినవాటిలో ఒక్కొక్కదాని ఎదుట, ‘ఏది కనిపిస్తే నా అంచనా తప్పని ఒప్పుకుంటాను?’ అన్నదానికి ఒక వాక్యంలో జవాబు రాయండి. రాయలేకపోతే ఆ ప్రశ్న ఇంకా పండలేదు.

సాక్ష్యం ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రకృతిశాస్త్రాలు ఒకవైపు, సామాజికశాస్త్రాలు మరొకవైపు అని చిన్నప్పటి నుంచి నేర్చుకున్న విభజన పరిశోధకుడికి పెద్దగా ఉపయోగపడదు. సాక్ష్యం పుట్టే తీరును బట్టి శాస్త్రాలను చూడటమే ఆచరణలో అక్కరకు వస్తుంది.

కొన్ని శాస్త్రాల్లో సాక్ష్యాన్ని మనమే పుట్టిస్తాం. వ్యవసాయ పరిశోధన స్థానంలో కీటకశాస్త్రవేత్త పత్తి మీద గులాబీ రంగు పురుగు మందును పరీక్షించేటప్పుడు పొలాన్ని మడులుగా విభజించి, ఏ మడికి ఏ మందు కొట్టాలో చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించి, కొన్నింటిని మందు లేకుండా వదిలేసి, మొత్తం మళ్లీ మళ్లీ చేస్తాడు. రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్ అనేది ఈ పద్ధతుల్లో ఒకటి. ఫలితం మీద అనుమానం వస్తే వచ్చే వానకాలంలో తిరిగి చేసి చూడవచ్చు.

కొన్నింటిలో కాలం మిగిల్చినదే సాక్ష్యం. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర కోటా అనే శిలాస్తరాల్లో దొరికిన డైనోసార్‌కు 1988లో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. శిలాజశాస్త్రం ప్రకృతిశాస్త్రమే అయినా అక్కడ ప్రయోగాన్ని తిరిగి చేయడం అనే మాటే లేదు. ఎన్ని ఎముకలు దొరికితే అన్నింటితోనే వాదించాలి, దొరకనివాటి గురించి ఆచితూచి మాట్లాడాలి. శాసనం చదివే చరిత్రకారుడి స్థితీ అచ్చంగా ఇదే. కాబట్టి చరిత్ర విద్యార్థికి రసాయనశాస్త్ర విద్యార్థి కన్నా శిలాజశాస్త్ర విద్యార్థే దగ్గరి చుట్టం. ఈ మార్గం ఎంచుకునేవారు ముందుగా చూసుకోవలసింది భాష, లిపి. శాసనాలకు పాత తెలుగు లిపితో పాటు సంస్కృతం అవసరమవుతుంది. నిజాం కాలపు దస్తావేజులు చదవాలంటే ఫారసీ, ఉర్దూ రావాలి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో కూర్చున్నాక ఆ సంగతి తెలుసుకోవడం కన్నా, సినాప్సిస్ రాయకముందే లిపి నేర్చుకోవడం మొదలుపెట్టడం మంచిది. భూమి మీద పనిచేసేవారు 1954-55 నాటి ఖాస్రా పహాణీని (భూముల రెవెన్యూ రికార్డును) ఎలా చదవాలో అనుభవజ్ఞుడైన రెవెన్యూ ఉద్యోగి దగ్గర నేర్చుకోవాలి. తరగతి గదిలో అది రాదు.

ఇంకొన్నింటిలో మనుషులు నోరు విప్పితేనే సాక్ష్యం ఉంటుంది. 1940లో కొమురం భీం చనిపోయిన తరువాత ఆదిలాబాద్ గోండుల స్థితిగతులను అధ్యయనం చేసిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ మార్లవాయిలో నివాసం ఉండి పనిచేశాడు. ఇలాంటి పరిశోధన బలం ప్రశ్నావళులు ఎన్ని నింపారన్న దానిలో ఉండదు; పరిశోధకుడు ఎంతకాలం ఉన్నాడు, ఎదుటివారి భాషలో మాట్లాడాడా, వాళ్లు అతన్ని ఎవరిగా భావించి జవాబు చెప్పారు అన్నవాటిలో ఉంటుంది. రెండు రోజులు వెళ్లివచ్చి ‘క్షేత్ర పర్యటన’ అని అధ్యాయం రాయడం మన దగ్గర మామూలైపోయింది, కానీ దాన్ని మానవశాస్త్రం అనడానికి నాకు మనసొప్పదు.

గణితం, సిద్ధాంత భౌతికశాస్త్రం ఈ మూడింటిలోనూ ఇమడవు. అక్కడ తర్కమే సాక్ష్యం కాబట్టి, ఆ దారిలో వెళ్లేవారు ఈ వ్యాసంలోని క్షేత్ర సూచనలను వదిలేయవచ్చు.

ఒక ప్రశ్నను రెండు శాస్త్రాలతో పరీక్షించడం

తెలంగాణ ప్రభుత్వ చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ 2015లో మొదలైనప్పుడు చెరువుల పూడిక తీయించింది ప్రభుత్వమే అయినా, ఆ మట్టిని పొలానికి తోలుకునే ఖర్చు రైతుదే. ‘పూడిక మట్టి వేస్తే దిగుబడి పెరుగుతుందా?’ అన్న ప్రశ్నను తీసుకుందాం. చాలామంది విద్యార్థులు మట్టి వేసిన రైతులను కొందరిని, వేయని రైతులను కొందరిని అడిగి, సగటు దిగుబడులు పోల్చి, తేడాను మట్టి ఖాతాలో వేస్తారు. ఈ లెక్క నిలవదు. ట్రాక్టర్ ఉన్నవాడు, లేదా కిరాయి భరించగలవాడు మట్టి తోలుకుంటాడు. ఆ రైతుకు బోరు, ఎరువు, సమయానికి కూలీలు కూడా ఇతరుల కన్నా మెరుగ్గా అందే అవకాశం ఉంది. పెరిగిన దిగుబడిలో మట్టి వాటా ఎంత, చేతిలోని డబ్బు వాటా ఎంత అన్నది ఆ పోలికలో విడదీయలేం.

మృత్తికాశాస్త్ర విద్యార్థి దీనిని ఒకే రైతు చేనులో కొన్ని మడులకు మట్టి వేసి, కొన్నింటికి వేయకుండా, మిగతా సేద్యమంతా ఒకేలా జరిపించి పరీక్షిస్తాడు. నేలలోని సేంద్రియ కర్బనం, బంకమట్టి శాతం, తేమ నిలుపుకునే శక్తి ముందూ తరువాతా కొలుస్తాడు. మట్టి గుణం గురించి అతని జవాబు గట్టిది, అయితే ఊరి రైతులకు ఖర్చు తిరిగి వచ్చిందా అన్నది ఆ మడులు చెప్పవు. ఆర్థికశాస్త్ర విద్యార్థి అవే కుటుంబాల మట్టి వేయకముందటి దిగుబడిని కూడా సంపాదించి, ఇరు వర్గాల్లోనూ కాలంతో వచ్చిన మార్పును పోలుస్తాడు. ఇక్కడ చిక్కు ఏమిటంటే, పాత దిగుబడులు రైతు జ్ఞాపకం మీద ఆధారపడతాయి. మంచి ఏడు గుర్తున్నంతగా మామూలు ఏడు గుర్తుండదు. ఈ రెండింటిలో ఏది గొప్ప అని అడగవద్దు, మీ ప్రశ్న మట్టి గురించా, రైతు గురించా అన్నది అడగండి.

రెండు వైపులా జరిగే ఒకే పొరపాటు

ఒక చెరువు నుంచి పది సీసాల నీళ్లు పట్టి, మరో చెరువు నుంచి పది సీసాలు పట్టి, ఇరవై నమూనాలు ఉన్నాయని గణాంక పరీక్ష చేయడం జీవశాస్త్ర సిద్ధాంత గ్రంథాల్లో తరచుగా కనిపిస్తుంది. పోల్చింది రెండు చెరువులనే కాబట్టి నిజానికి ఉన్న నమూనాలు రెండే. 1984లో హర్ల్‌బర్ట్ అనే జీవావరణ శాస్త్రవేత్త ఈ దోషానికి ‘సూడోరెప్లికేషన్’ అని పేరు పెట్టి విస్తారంగా చర్చించాడు. సామాజికశాస్త్రాల్లోనూ ఇదే జరుగుతుంది: ఒకే ఊళ్లో రెండు వందల ఇళ్లు తిరిగితే, ఒకే ఆయకట్టు, ఒకే మార్కెట్, ఒకే వడ్డీ వ్యాపారి మీద ఆధారపడినవారి జవాబులు ఒకదానికొకటి పోలి ఉంటాయి. అవే రెండు వందల ఇళ్లను ఇరవై ఊళ్లకు పంచితే తెలిసేది ఎక్కువ, అయితే బస్సు ఖర్చూ పెరుగుతుంది. నమూనా సంఖ్యను నిర్ణయించే ముందు గణాంకశాస్త్ర విభాగంలో ఒకరిని కలవండి. సేకరణ అయిపోయాక కలిస్తే వారు చేయగలిగేది తక్కువ.

వేళ కూడా సాక్ష్యంలో భాగమే. పగలు నాచు కిరణజన్య సంయోగక్రియ జరుపుతుంది కాబట్టి నీటిలో కరిగిన ఆక్సిజన్ మధ్యాహ్నానికి పెరిగి, తెల్లవారుజామున అతి తక్కువకు చేరుతుంది. ఒక చెరువును ఉదయం, మరొకదాన్ని సాయంత్రం కొలిచి పోల్చితే మీరు పోల్చింది చెరువులను కాదు, గడియారాన్ని. ఇంటింటి సర్వేకు వానకాలం నాట్ల రోజుల్లో వెళితే ఇంట్లో ముసలివాళ్లే దొరుకుతారు. యాసంగి కోతల తరువాత వెళ్లడం నయం.

జిల్లా స్థాయి గణాంకాలతో పనిచేసేవారికి మరో హెచ్చరిక. 2011 జనాభా లెక్కల నాటి వరంగల్ జిల్లా 2016 అక్టోబర్ 11న విడిపోయింది, 2019లో ములుగు వేరే జిల్లా అయింది, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా మారాయి. ‘వరంగల్’ అన్న ఒకే పేరు కింద మూడు వేర్వేరు భూభాగాల అంకెలు ఉంటాయన్నమాట. మండలాల వారీ లెక్కలు తీసుకుని పాత సరిహద్దుల ప్రకారం కూడుకుంటే తప్ప పదేళ్ల ధోరణిని గీయకూడదు.

అనుమతులు, గడువు, గ్రంథాలయం

పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు. అక్కడ నీటి నమూనా, ఆకు, కీటకం దేనికైనా అటవీశాఖ అనుమతి కావాలి. మనుషుల ఆరోగ్య సమాచారం సేకరించేవారు సంస్థాగత ఎథిక్స్ కమిటీ ఆమోదం ముందే పొందాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు దీనికి ఆధారం. గిరిజన గూడేల్లో పనిచేసేవారు అధికారి సంతకంతో సరిపెట్టుకోకుండా, ఊరి పెద్దలతో కూర్చుని ఏం అడుగుతారో, ఆ సమాచారాన్ని ఏం చేస్తారో చెప్పి ఒప్పించాలి.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కోర్సు వర్క్‌తో కలిపి పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. పునర్నమోదుతో మరికొంత పొడిగింపు దొరుకుతుంది. రుతువుల మీద ఆధారపడిన అంశమైతే రెండు వానకాలాలైనా చూడాలి కాబట్టి, రెండో ఏడు వేసవిలోపు పరికరాలు, అనుమతులు చేతికి రాని అంశాన్ని ఎంత ఇష్టమైనా పక్కన పెట్టడమే మంచిది.

శోధ్‌గంగలో దేశంలోని పీహెచ్‌డీ గ్రంథాలు ఉచితంగా దొరుకుతాయి. అక్కడ మీ అంశాన్ని మీ శాఖ పేరుతోనే వెతికి ఆపకండి. చెరువుల మీద చరిత్ర శాఖలో వచ్చినది, సివిల్ ఇంజనీరింగ్‌లో వచ్చినది, జంతుశాస్త్రంలో వచ్చినది ఒక్కొక్కటైనా తెరిచి, పద్ధతుల అధ్యాయం మాత్రం చదవండి. ఇక్కడ వరంగల్‌లో మనకు ఒక సౌలభ్యం ఉంది: 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం, 1959లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలై 2002లో ఎన్ఐటీ అయిన సంస్థ, కాకతీయ వైద్య కళాశాల, వ్యవసాయ పరిశోధన స్థానం ఒకే నగర పరిధిలో ఉన్నాయి. ఆటో కిరాయి దూరంలో ఉన్న పక్క శాస్త్రం మనిషిని అడగకుండా సినాప్సిస్ సమర్పించడానికి సాకు లేదు.

అలా అడగడం ఉమ్మడి పరిశోధనగా మారితే, పని మొదలవకముందే పేర్ల వరుస తేల్చుకోవాలి. ప్రయోగశాస్త్రాల వ్యాసాల్లో పని ఎక్కువ చేసినవారి పేరు ముందు, బృంద నాయకుడి పేరు చివర ఉండటం ఆనవాయితీ; గణితంలో అక్షరక్రమం పాటిస్తారు; చరిత్రలో ఎక్కువగా ఒక్కరి పేరే ఉంటుంది. ఎవరి ఆనవాయితీ వారికి సహజంగా తోస్తుంది కాబట్టి తరువాత మనస్పర్థలు వస్తాయి. ఏ వ్యాసానికి ఎవరు మొదటి రచయిత, సేకరించిన సమాచారం ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరి సిద్ధాంత గ్రంథంలో ఏ అధ్యాయానికి అది వాడుకోవచ్చు అన్న మూడు సంగతులను ఒక కాగితం మీద రాసి, ఇద్దరు గైడ్‌ల సంతకాలు తీసుకుని, ఆ తరువాతే మొదటి నమూనాకు బయలుదేరండి.