వెస్టర్న్ ప్లెజర్ గుర్రం కొనడం, అమ్మడం - నాలుగో పాఠం: తకిటా? తకధిమా?

పోయిన పాఠంలో ప్రకటనలు జల్లెడ పట్టి మూడు గుర్రాలు మిగుల్చుకున్నాం. ఈసారి వాటిని చూడటానికి బయల్దేరదాం.

వెస్టర్న్ ప్లెజర్ అంటే గుర్రం ఎంత హాయిగా సాగుతుందో చూసే అమెరికన్ గుర్రపుస్వారీ పోటీ. ఇందులో జడ్జి చూసే నడకలు మూడు: వాక్ (మామూలు నడక), జాగ్ (తేలికపాటి పరుగు), లోప్ (నెమ్మది దౌడు). రౌతు కళ్లెం వదులుగా పట్టుకుని కూర్చుంటే గుర్రం తనంతట తాను నిదానంగా, ఒకే తీరుగా సాగాలి. కొత్తవాళ్లు బోల్తాపడేది ఆ 'నిదానం' దగ్గరే. మెల్లగా పోయేదల్లా మంచి గుర్రం కాదు.

చిన్నప్పుడు సంగీతం టీచరు మీచేత తొడ మీద తాళం వేయించి ఉంటే సగం పాఠం వచ్చినట్టే. జాగ్‌లో ఎదురుమూలల కాళ్లు జంటగా పడతాయి: తక, తక. లోప్‌కి మూడు దెబ్బలు. మొదట బయటివైపు, అంటే మైదానం కంచె వైపు, వెనక కాలు. తర్వాత లోపలి వెనక కాలు, బయటి ముందు కాలు కలిసి. చివర లోపలి ముందు కాలు. తకిట. ఆపైన నాలుగు కాళ్లూ గాల్లో ఉండే చిన్న విరామం.

గుర్రాన్ని మరీ నెమ్మది చేయిస్తే మధ్యలో కలిసి పడాల్సిన జంట విడిపోతుంది. తకిట కాస్తా తకధిమి అయిపోతుంది. నాలుగు దెబ్బల లోప్‌ను అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్ నిబంధనలు సరైన లోప్‌గా ఒప్పుకోవు. మెరిసే జూలు, వెండి తాపిన జీను చూస్తూ ఉంటే ఈ లోపం కంటికి ఆనదు. కంచె పక్కన నిలబడి కళ్లు మూసుకుని దెబ్బలు వినండి. ఇసుక మెత్తనై చప్పుడు రాకపోతే ఫోన్లో స్లో మోషన్ తీసుకోండి, కుడి ఎడమ రెండు వైపులా.

ఇంకోటి. చెప్పిన టైముకి అరగంట ముందే వెళ్లండి. ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్నది. టెక్సస్‌లో మా అమ్మాయి కోసం మొదటి గుర్రాన్ని చూడబోతే అప్పటికే జీను వేసి సిద్ధంగా ఉంచారు. పొట్టపట్టీ వెంట వెంట్రుకలు తడిగా ఉన్నాయి. ఇప్పుడే స్నానం చేయించామన్నారు, నమ్మాను. కాళ్ల మీద దుమ్ము మాత్రం దుమ్ములాగే ఉందని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది! మేం వచ్చేలోపు గుండ్రంగా పరుగెత్తించి అలవగొట్టారన్నమాట. మూడో రోజు మా పిల్ల ఎక్కితే ఆ 'శాంతమూర్తి' పట్టపగ్గాల్లేకుండా పోయింది. కాబట్టి గుర్రం స్టాల్లో ఉండగానే చూడండి, జీను మీ ఎదుటే వేయించండి. ముందు వాళ్ల మనిషి ఎక్కాలి, తర్వాతే మీరు.

నచ్చిందా? అప్పుడు వెట్‌ను (పశువైద్యుణ్ణి) పిలవండి, అమ్మేవాళ్ల వెట్‌ను కాదు. కాలు కాసేపు మడిచిపట్టి వదిలి వెంటనే పరుగెత్తించి చూస్తారు. గిట్టలకీ, వెనక కాళ్ల మడమ కీళ్లకీ ఎక్స్‌రే తీయించండి. అదే రోజు రక్తం తీయించి దాచిపెట్టమనండి, నొప్పి మందో మత్తు మందో ఇచ్చి చూపించారన్న అనుమానం తర్వాత వస్తే పనికొస్తుంది. జన్యు పరీక్షల కాగితాల్లో హెచ్‌వైపీపీ ఫలితం చూడండి. కండరాలను వణికించే ఈ జబ్బు 'ఇంప్రెసివ్' అనే మగ గుర్రం సంతతిలో వస్తుంది. రెండు జన్యు ప్రతులూ చెడినవై 2007 నుంచి పుట్టిన పిల్లలకు అసోసియేషన్ రిజిస్ట్రేషనే ఇవ్వదు.

అమ్మేవాళ్లకు చెప్పాల్సింది తక్కువే. కత్తిరింపుల్లేని వీడియో పెట్టండి, కాగ్గిన్స్ రక్తపరీక్ష (గుర్రాలకు అంటుకునే రక్తహీనత జబ్బు ఉందో లేదో చూసేది) కాగితం దగ్గరుంచుకోండి, మీ ట్రైనరు కమిషన్ ఎవరి దగ్గర ఎంత తీసుకుంటున్నాడో రాతపూర్వకంగా అడగండి. మొహమాటపడితే రెండు వైపులా తీసుకున్నా మీకు తెలియదు.

ఇంటిపని: ఐదు అమ్మకపు వీడియోలు తెరిచి, ముందు శబ్దంతో, తర్వాత మ్యూట్ చేసి, లోప్ దెబ్బలు లెక్కపెట్టండి. పాట పెట్టి శబ్దం కప్పేసిన వీడియోలుంటే వాటి లింకులు వేరుగా రాసి ఉంచుకోండి, బేరం పాఠంలో వాటితో పనుంది.