అమెరికా తొలి రాగి సెంట్లలో అరుదైన రకాలను గుర్తించడం ఎలా?

ఫిలడెల్ఫియా టంకశాల 1793 నుంచి 1857 వరకు పెద్ద రాగి సెంట్లు (డాలరులో వందో వంతు విలువ చేసే నాణేలు) ముద్రించింది. తొలి ఏళ్లలో ఉక్కు అచ్చుల మీద అక్షరాలు, అంకెలు ఒక్కొక్కటిగా చేత్తో కొట్టేవారు. అచ్చు పాడైతే మరొకటి చేసేవారు. కొత్త అచ్చులో ఏ అక్షరమూ పాత చోటే పడేది కాదు. మనం వెతికేది ఆ తేడాలనే.

అన్ని సంవత్సరాల వెంటా పడకండి. ముందు ఒక్క ఏడాదిని ఎంచుకోండి. నన్నడిగితే 1794 అంటాను. ఆ ఒక్క ఏటివే యాభైకి పైగా రకాలున్నాయి. 1949లో ఈ సెంట్ల మీద పుస్తకం రాసిన విలియం షెల్డన్ ఇచ్చిన సంఖ్యలతోనే సేకర్తలు నేటికీ వాటిని పిలుస్తారు. అరుదుదనానికీ ఒక కొలమానం ఉంది: ఆర్-1 తేలిగ్గా దొరికేది, ఆర్-5 అంటే 31 నుంచి 75 నాణేలే ఉన్నట్టు, ఆర్-7 అంటే 4 నుంచి 12.

ఇక చూడటం నేర్చుకోవాలి. దీపాన్ని పక్కనుంచి పడనిచ్చి, భూతద్దం కింద నాణేన్ని నెమ్మదిగా తిప్పండి. బొరుసు వైపు దండలో ఆకు కొన ఏ అక్షరం కింద ఆగింది? కాయలు ఎన్ని? 1/100 భిన్నంలో గీత ఎంత పొడవు? తర్వాత బొమ్మ వైపు జుట్టు పాయలు, అంకెల మధ్య ఎడం చూడండి. షెల్డన్ సంఖ్యల్లో 48వ రకంలో బొరుసు అంచు చుట్టూ పళ్లలా ఉండే చిన్న గీతల మధ్య 94 బుల్లి నక్షత్రాలు ఉంటాయి. బాగా అరిగిన నాణెంలో నాలుగైదు మిగిలినా చాలు, గుండె ఝల్లుమంటుంది!

అమ్మేవారు చాలాసార్లు సంవత్సరం మాత్రమే రాస్తారు. రకాన్ని మీరే పోల్చుకోగలిగితే అరుదైనది కూడా మామూలు ధరకే దొరకవచ్చు.

నకిలీలతో మాత్రం జాగ్రత్త. 1799 సెంటు అరుదు కాబట్టి 1798 నాణెంలో చివరి 8ని 9గా చెక్కి అమ్ముతారు. ఆ అంకె చుట్టూ పనిముట్టు గీతలున్నాయేమో చూడండి. తూకం కూడా వేయండి: 1794 సెంటు అసలు బరువు సుమారు 13.48 గ్రాములు. అరుగుదల వల్ల కొంత తగ్గుతుంది.

రాగి చెంబులా చింతపండుతో తోమారో, రెండు వందల ఏళ్ల గోధుమ రంగు నిమిషంలో పోతుంది, మళ్లీ రాదు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, నూలు సంచిలో ఉంచి, కాగితపు కవరులో పెట్టండి. కవరు మీద రకం సంఖ్య, బరువు, కొన్న తేదీ రాయండి.